గాలి చెరిపినంతే దిద్దాలి

డాబా మీద టెలిస్కోప్ పెట్టి గురుగ్రహాన్ని చూసినవాళ్లకు తెలుసు. దాని పట్టీలు ఒక్క క్షణం స్పష్టంగా కనిపిస్తాయి, మరుక్షణం అలుక్కుపోతాయి. పగలంతా కాగిన డాబా రాత్రి వేడిని వదులుతుంది. పైన వెచ్చటి గాలీ చల్లటి గాలీ కలిసి సుడులు తిరుగుతూ వెలుగు దారిని వంచేస్తాయి. చుక్కలు మిణుకుమనేదీ అందుకే. 1704లో వచ్చిన ‘ఆప్టిక్స్’లో న్యూటన్ దీనికి చెప్పిన మందు ఒక్కటే: ఎత్తైన కొండల మీది నిశ్చలమైన గాలి.

మాలాంటి ఔత్సాహికులం వీడియో తీసి, వేల ఫ్రేముల్లోంచి గాలి కుదురుగా ఉన్నప్పటివి ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తాం. దీన్ని లక్కీ ఇమేజింగ్ అంటారు. అద్దం పెద్దదయ్యేకొద్దీ అలాంటి ఫ్రేము దొరికే అవకాశం ఎంత వేగంగా పడిపోతుందో 1978లో డేవిడ్ ఫ్రీడ్ లెక్కగట్టారు.

పెద్ద అద్దాలకు దారి చూపింది హొరేస్ బాబ్‌కాక్. వచ్చిన వెలుగు ఎంత వంకరపోయిందో కొలిచి, ఆ వంకరను రద్దు చేసేలా ఒక అద్దాన్ని ఎప్పటికప్పుడు వంచాలని 1953లోనే ఆయన ప్రతిపాదించారు. ఆచరణకు దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు ఆ అద్దం సెకనుకు వందల సార్లు ఆకారం మార్చుకుంటుంది. కొలవడానికి దగ్గర్లో కాంతిమంతమైన చుక్క లేకపోతే, పసుపుపచ్చ లేజర్‌తో సుమారు 90 కిలోమీటర్ల ఎత్తున సోడియం పరమాణువులను వెలిగించి కృత్రిమ చుక్కను సృష్టిస్తారు. ఆ సోడియం మండిపోయిన ఉల్కలు వదిలి వెళ్లింది. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకిది అబ్బురమే.

హవాయిలోని కెక్ టెలిస్కోప్‌తో పాలపుంత నడిబొడ్డును గమనించిన ఆండ్రియా గెజ్ కూడా 1995లో చిన్న చిన్న ఎక్స్‌పోజర్లను పేర్చే పద్ధతితోనే మొదలుపెట్టారు. వంగే అద్దం తర్వాత తోడైంది. అక్కడ ఎస్2 అనే నక్షత్రం సుమారు 16 ఏళ్లకొకసారి చుట్టి వస్తోంది. దాన్ని తిప్పుతున్నది దాదాపు 40 లక్షల సూర్యుళ్లంత బరువైన, కంటికి కనబడని వస్తువు. చిలీ నుంచి ఇదే పరిశోధన చేసిన రైన్‌హార్డ్ గెంజెల్‌తో పాటు ఆమెకు 2020లో నోబెల్ దక్కింది.

ఈ విద్యలో నేను గౌరవించేది దాని నిజాయితీని. గాలి ఎంత చెరిపిందో కొలిచి, అంతవరకే దిద్దుతుంది. ఈమధ్య కొన్ని ఫోన్లు మసక చంద్రబింబానికి తామే వివరాలు అద్దుతున్నాయి. మన సాఫ్ట్‌వేర్‌లోనూ పదును మరీ పెంచితే అంగారకుడి అంచున లేని గీత పుడుతుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నా విన్నపం: ఆ గీత కనబడగానే ఒకడుగు వెనక్కి తగ్గండి. అసలు వీడియోను మాత్రం చెరిపేయకండి.