స్త్రీలు అడగకపోవడం వల్లనేనా? - వేతన బేరంపై ఒక విమర్శ

స్త్రీల వేతనం పురుషుల వేతనం కంటే ఎందుకు తక్కువ? లిండా బాబ్‌కాక్, సారా లాషెవర్ 2003లో ప్రచురించిన ‘విమెన్ డోంట్ ఆస్క్’ గ్రంథం దీనికి సూటిగా జవాబిచ్చింది: స్త్రీలు అడగరు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చదువు ముగించి ఉద్యోగాల్లో చేరినవారిలో, ఇస్తామన్న జీతం కంటే ఎక్కువ అడిగిన పురుషులు 57 శాతం, స్త్రీలు 7 శాతం. ఈ అలవాటును సమాజమే నేర్పుతుందని రచయిత్రులు కూడా ఒప్పుకున్నారు. అయినా ఈ వాదన మన ప్రాంతంలో ఎంతవరకు నిలుస్తుందో పరిశీలిద్దాం.

కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాల్లో ఇంట్లో కూర్చుని బీడీలు చేసే స్త్రీని తీసుకోండి. ఆమెకు కూలి వెయ్యి బీడీల లెక్కన ముడుతుంది. ఆ రేటు ఆమె ఒక్కతే అడిగితే మారేది కాదు. అలాగని ఆమె బేరమాడదా? ఆకు నాసిగా ఉందని, తూకం తగ్గిందని, మంచి బీడీలను కూడా పక్కన పడేశారని ఆమె కార్ఖానాలో వాదిస్తూనే ఉంటుంది. తక్కువపడిన ఆకును సొంత డబ్బుతో కొంటే ఆమె అసలు కూలి ఆ మేరకు తగ్గినట్లే. జీతపు అంకెను మాత్రమే చూసే పరిశోధనకు ఈ బేరం కనిపించదు. ఇది మొదటి లోపం.

రెండవది, బేరమాడే శక్తి మాట నేర్పు నుంచి కాక, మరో పని దొరికే అవకాశం నుంచి వస్తుంది. సిరిసిల్లలో సాంచా నడిపే కార్మికుడికి ఇక్కడ గిట్టకపోతే భీవండి, సూరత్ ఉన్నాయి. జగిత్యాల యువకుడికి గల్ఫ్ దారి ఉంది. పిల్లలు, వంట, ముసలివాళ్ల బాధ్యత మోసే స్త్రీ పని వెతుక్కునే పరిధి చాలాసార్లు ఊరి పొలిమేర దాటదు. పని ఇచ్చేవాడు ఒక్కడే ఉన్నచోట కూలి తగ్గుతుందని జోన్ రాబిన్సన్ 1933లోనే వివరించారు.

మూడవది, కొన్ని చోట్ల అడిగే వరకు రావడానికే దారి లేదు. సింగరేణిలో వేతనాలు కార్మిక సంఘాలతో కుదిరే ఒప్పందం ప్రకారం ఉంటాయి. ఎవరికి వారు బేరమాడరు. కానీ 1952 గనుల చట్టం 46వ సెక్షన్ స్త్రీలను భూగర్భ గనుల్లో పనికి అనుమతించలేదు. 2019లో గాని ఆ నిబంధన సడలలేదు. ఆదిలాబాద్ బొగ్గు ప్రాంతపు స్త్రీకి అడగడం ఎంత బాగా వచ్చినా ఆ పని దొరికేది కాదు.

అయితే ఆ గ్రంథాన్ని పూర్తిగా తోసిపుచ్చకూడదు. జీతంపై మాట్లాడుకోవచ్చని ప్రకటనలోనే స్పష్టంగా రాస్తే స్త్రీ పురుషుల మధ్య ఈ తేడా కనుమరుగవుతుందని లైబ్‌బ్రాంట్, లిస్ట్ అమెరికాలో జరిపిన ప్రయోగం 2015లో చూపింది. అంటే మారవలసింది స్త్రీ స్వభావం కాదు, నియమం. బీడీ రేట్లు పెరిగినప్పుడు కూడా సంఘాల ఒప్పందాలు, కనీస వేతన ఉత్తర్వుల పాత్ర పెద్దది.

మీలో కొందరు బీడీల చాట ముందు పెట్టుకుని చదువుతూ ఉండవచ్చు. రేపు ఉద్యోగానికి వెళ్లినప్పుడు తప్పక అడగండి. అడిగినా రాకపోతే లోపం మీదేనని మాత్రం అనుకోకండి.

స్వయం పరీక్ష: మీ ఊరిలో ఒకే పనికి స్త్రీకి, పురుషుడికి ఇచ్చే కూలిని కనుక్కోండి. తేడా ఉంటే దానికి కారణం అడగకపోవడమా, మరో పని లేకపోవడమా, ప్రవేశమే లేకపోవడమా? పది వాక్యాల్లో చర్చించండి.