తెల్ల చుక్కల లెక్క

కొత్త చేపను అక్వేరియంలో వదిలిన కొద్ది రోజులకే ఒక్కోసారి దాని తోక మీద, రెక్కల మీద ఉప్పు రవ్వలు చల్లినట్టు తెల్ల చుక్కలు కనిపిస్తాయి. చేప అడుగున ఉన్న గులకరాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంది. రెక్కలు ముడుచుకుని ఒక మూల నిలబడిపోతుంది. మొప్పలకు కూడా పాకితే ఊపిరాడక గబగబా మొప్పలాడిస్తూ నీటి పైకి వస్తుంది. చేపలు పెంచేవాళ్లు దీన్ని ‘ఇక్’ అంటారు. కారణం ఇక్తియోఫ్తీరియస్ మల్టీఫిలిస్ అనే ఏకకణ జీవి. భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతులకు నిద్ర లేకుండా చేసే వైట్ స్పాట్‌కూ దీనికీ సంబంధం లేదు. అది వైరస్, దానికి మందు లేదు. ఇది పరాన్నజీవి, దీన్ని ఇంట్లోనే నయం చేసుకోవచ్చు.

ఫ్రాన్స్‌కు చెందిన ఫూకే 1876లో ఈ జీవిని శాస్త్రీయంగా వర్ణించాడు. కానీ చేపలు పెంచేవాళ్ల కంటికి ఇది అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే పడింది. చిక్కిపోయి తెల్ల చుక్కలు వేసిన చేపకు పేను పట్టిందని, నీళ్లలో చెట్టు బెరడు వేస్తే తగ్గుతుందని సుంగ్ వంశ కాలం నాటి ఒక చైనా గ్రంథం చెబుతోంది. గోల్డ్ ఫిష్ పెంపకం అక్కడ వేళ్లూనుకున్నది కూడా ఆ కాలంలోనే. మందు చేపకు పూయలేదు, నీళ్లలో వేశారు. ఈనాటికీ ఇక్ వైద్యానికి పునాది ఇదే.

ఎందుకో తెలియాలంటే ఆ పురుగు బతుకు చూడాలి. మన కంటికి కనిపించే తెల్ల చుక్క చేప పైచర్మం కింద దాక్కుని, దాని కణజాలాన్ని తింటూ పెరుగుతున్న పరాన్నజీవి. అక్కడున్నంత కాలం నీళ్లలో వేసిన మందు దాన్ని తాకదు. పెరగడం పూర్తయ్యాక అది చర్మాన్ని చీల్చుకుని బయటపడి, గాజుకో, రాయికో, మొక్కకో అంటుకుని చుట్టూ గూడు కట్టుకుంటుంది. ఆ గూడులో చీలి చీలి వందల పిల్లలవుతుంది. అవి ఈదుకుంటూ బయటికొచ్చి చేపను వెతుక్కుంటాయి. రెండు రోజుల్లోపు చేప దొరక్కపోతే దాదాపు అన్నీ చచ్చిపోతాయి. మందుకు, ఉప్పుకు లొంగేది ఈ ఈదే దశ ఒక్కటే.

చుక్కలు రాలిపోగానే చేప బాగుపడిందనుకుని మందు ఆపేస్తే ఏమవుతుందో ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. రాలిన చుక్కలు అడుగున పిల్లలు పెడుతుంటాయి. నాలుగైదు రోజుల తర్వాత ఒక చుక్క ఉన్నచోట ఇరవై వస్తాయి. అందుకే చివరి చుక్క పోయాక కనీసం వారం రోజులు వైద్యం కొనసాగించాలి.

ఈ లెక్కలో వేడికి పెద్ద పాత్ర ఉంది. నీళ్లు 25 డిగ్రీల దగ్గర ఉంటే ఈ చక్రమంతా వారంలోపే తిరుగుతుంది. 10 డిగ్రీలకు దిగితే నెల దాటుతుంది. హీటర్ పెట్టి నీటిని కొంచెం వెచ్చబరిస్తే పురుగు త్వరగా చేపను వదిలి నీళ్లలోకి వస్తుంది, మనకు చిక్కుతుంది. 30 డిగ్రీలు దాటితే చాలా రకాల్లో పునరుత్పత్తే ఆగిపోతుంది, అయితే వేడికి తట్టుకునే రకాలు కూడా ఉన్నాయి. వేడిని గంటకు ఒక డిగ్రీ కంటే వేగంగా పెంచకూడదు. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది కాబట్టి ఎయిర్ పంపు రాత్రీ పగలూ ఆడాల్సిందే. గోల్డ్ ఫిష్ చల్లని నీటి చేప, దాన్ని ఆ వేడికి తీసుకెళ్లడం కన్నా ఉప్పును నమ్ముకోవడం మేలు.

ఉప్పు వైద్యానికి పెట్టింది పేరు జపాన్. నారా ప్రాంతంలోని యమటోకొరియామాలో గోల్డ్ ఫిష్ పెంపకం 1724లో మొదలైందని చెబుతారు. నలతగా ఉన్న చేపను లీటరుకు 5 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లలో ఉంచడం జపాన్ పెంపకందారులకు మొదటి చికిత్స. దీని వెనక సైన్సు ఉంది. మంచినీటి చేప ఒంట్లో ఉప్పు బయటి నీళ్లలో కంటే ఎక్కువ. అందుకే మొప్పల గుండా, చర్మం గుండా నీళ్లు లోపలికి వస్తూనే ఉంటాయి, మూత్రపిండాలు తోడేస్తూనే ఉంటాయి. పురుగు చర్మాన్ని గుల్ల చేస్తే ఈ భారం రెట్టింపవుతుంది. నీళ్లలో కాస్త ఉప్పు వేస్తే లోపలికీ బయటికీ తేడా తగ్గి చేపకు తెరిపి దొరుకుతుంది. ఈదే పిల్లలకు మాత్రం ఆ ఉప్పు పడదు.

రకరకాల చేపలున్న ట్యాంకులో లీటరుకు 2, 3 గ్రాములతో సరిపెట్టుకోవాలి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకు పట్టేది 56 లీటర్లు. రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే అందులో ఉండే నీళ్లు దాదాపు 45 లీటర్లు. 3 గ్రాముల లెక్కన 135 గ్రాముల కళ్లుప్పు కావాలి. దాన్ని ఒక మగ్గు నీళ్లలో పూర్తిగా కరిగించి, మూడు వాటాలు చేసి, పన్నెండు గంటలకొకటి చొప్పున పోయాలి. నీళ్లు ఆవిరై తగ్గితే మంచినీళ్లే పోయాలి, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు. మార్చిన నీటికి సరిపడా మాత్రమే మళ్లీ ఉప్పు కలపాలి. రోజూ సైఫన్ గొట్టంతో అడుగు లాగేస్తే గూళ్లు కట్టుకున్న పురుగులు వేలకొద్దీ పోతాయి. మొక్కలకు, పొలుసుల్లేని చేపలకు అంత ఉప్పు పడదు. వాటికి సగం మోతాదు చాలు.

దుకాణాల్లో దొరికే మందుల్లో మాలకైట్ గ్రీన్, ఫార్మలిన్ ఎక్కువ. రెండూ పనిచేస్తాయి, రెండూ ప్రమాదకరమే. తినే చేపల పెంపకంలో మాలకైట్ గ్రీన్‌ను నిషేధించారు. చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు, వేసే ముందు ఫిల్టర్‌లోని బొగ్గు తీసేయాలి, లేకపోతే మందంతా బొగ్గే పీల్చేస్తుంది.

పురుగు బతుకు చక్రం తెలుసుకుని దెబ్బ కొట్టాలన్న సూత్రం ఇతర పరాన్నజీవులకు కూడా వర్తిస్తుంది. చేప ఒంటికి పళ్లెంలా అతుక్కునే ఆర్గులస్‌ను కొల్లేరు చుట్టుపక్కల చేపల రైతులు బాగా ఎరుగుదురు. ఈనాడు చేప పేను అనేది దీన్నే. పెద్ద పేనును పట్టుకారుతో తీయొచ్చు, కానీ అది గట్టి వస్తువుల మీద గుడ్లు పెట్టేసి ఉంటుంది. చెరువుల్లో వెదురు కర్రలు, చెక్క పలకలు పాతి, వాటి మీద గుడ్లు పెట్టాక తీసి ఎండబెట్టడం ఒక మంచి పద్ధతి. గప్పీల మలద్వారం నుంచి ఎర్రటి దారాల్లా వేలాడే కమలానస్ పురుగు ఉప్పుకు లొంగదు. దానికి మేకలకు, గొర్రెలకు వాడే లెవమిసోల్ వాడతారు, మోతాదు మాత్రం పశువైద్యుణ్ణి అడిగి తీరాలి. చెరువుల నుంచి తెచ్చిన సజీవ మేతలోని చిన్న నీటి పురుగుల ద్వారా అది ట్యాంకులోకి వస్తుంది.

ఇన్ని చికిత్సలకన్నా విలువైన పద్ధతి ఒకటుంది. చెన్నై కొళత్తూరు నుంచో, కోల్‌కతా గాలిఫ్ స్ట్రీట్ సంత నుంచో ప్రాణవాయువు నింపిన ప్లాస్టిక్ సంచుల్లో వచ్చే చేప ఎన్నో ట్యాంకుల నీళ్లు తాగి వస్తుంది. ప్రయాణపు అలసటతో దాని రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది. దాన్ని అడుగున రాళ్లు లేని చిన్న ట్యాంకులో, ఒక స్పాంజి ఫిల్టర్, ఒక పైపు ముక్క చాటు పెట్టి, మూడు నాలుగు వారాలు విడిగా ఉంచాలి. దానికి వేరే వల, వేరే గొట్టం. సంచిలోని నీళ్లు మాత్రం పెద్ద ట్యాంకులో పోయకూడదు.

ఈ ఓపికలోనే చేపల పెంపకం విద్య ఉంది. మన పొరపాటుకు మూల్యం చెల్లించేది నోరులేని జీవి కాబట్టి జబ్బు రాకముందే జాగ్రత్త పడటం మన బాధ్యత. కొత్త చేప మీద మనసు పడితే, చేప కంటే ముందు ఆ చిన్న ట్యాంకు కొనండి.