గుంపులో ఆమె పని

ఫాంటసీ రోల్ ప్లేయింగ్ ఆటల గురించి ఇక్కడ రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. కథల్లో, సినిమాల్లో ఆడదాన్ని ఏ మూల కూర్చోబెట్టారో ఇన్నేళ్లుగా వెతుకుతున్నాం కదా, మన పిల్లలు వందల గంటలు గడిపే ఈ కథల్ని మాత్రం ఎందుకు వదిలెయ్యాలి? పైగా వీటిలో ఒక సౌకర్యం ఉంది. నవలలో రచయిత మనసులో దాక్కునే లెక్క ఇక్కడ అంకెల్లో బయటికే కనిపిస్తుంది. బలం ఇంత, చురుకుదనం ఇంత, తెలివి ఇంత, ఆకర్షణ ఇంత. ఎవరికి ఎంత పంచాలి, గుంపులోకి ఎవర్ని తీసుకోవాలి, ఎవర్ని వదిలెయ్యాలి అని కూర్చుని ఆలోచించడమే చాలామందికి అసలు ఆట.

ఈ అంకెలకి మొదట్నుంచీ జెండర్ ఉంది. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఈ ఆటలన్నిటికీ మూలపుటమ్మ. అది కంప్యూటర్ ఆట కాదు, కాగితం, పెన్సిలు, పాచికలు. మూడేళ్లు తిరక్కుండానే, 1976లో, ద డ్రాగన్ పత్రికలో లెన్ లకోఫ్కా అనే ఆయన ఆడ పాత్రలకి వేరే నియమాలు రాశాడు. బలం 14 దాటకూడదు, ఆకర్షణ ఉండాల్సిన చోట అందం ఉండాలి. అది వ్యాసం మాత్రమే అనుకుందాం. 1978లో వచ్చిన అధికారిక నియమ గ్రంథంలోనూ మనుషుల్లో మగ యోధుడి బలానికున్న పైమెట్టు ఆడ యోధురాలికి అందదు. మంత్రాలు, రాక్షసులు, ఎగిరే బల్లులు అన్నీ ఊహించిన బుర్రలకి బరువెత్తే ఆడమనిషి మాత్రం ఊహకందలేదు. 1989లో రెండో కూర్పు ఆ హద్దు తీసేసింది.

హద్దు పోయినంత మాత్రాన పని విభజన పోతుందా? ఆ రెండో కూర్పు నియమాల మీదే కట్టిన కంప్యూటర్ ఆట బాల్డర్స్ గేట్ (1998). బయోవేర్ సంస్థది. గుంపులో ఆరుగురు. అందులో జహీరా, ఖాలిద్ అనే భార్యాభర్తలు దొరుకుతారు. జహీరా కత్తీ తిప్పగలదు, ప్రకృతి మంత్రాలూ వేయగలదు, నోరూ గట్టిదే. ఖాలిద్ నత్తిగా మాట్లాడే భయస్తుడు. వాళ్లని విడదీయడానికి వీల్లేదు, మొగుణ్ని పొమ్మంటే పెళ్లామూ వెళ్లిపోతుంది. అందుకని అతన్ని ముందు నిలబెట్టి, చావనిచ్చి, ఆమెని ఉంచుకునే ఉపాయం ఆడేవాళ్ల మధ్య బాగా ప్రచారమైంది. 2000లో వచ్చిన రెండో భాగం ఆ పని తనే చేసి పెట్టింది. ఖాలిద్ చనిపోయి ఉంటాడు, జహీరా వితంతువు. ఇక నాయకుడు ఆమెని ప్రేమించవచ్చు!

ఆ రెండో భాగంలో మగ నాయకుడు ప్రేమించగలిగిన ఆడవాళ్లు ముగ్గురు: జహీరా, ఏరీ, వికోనియా. ముగ్గురి స్వభావాలూ వేరు. వాళ్లని కలిపేది ఒక్కటే, ముగ్గురూ గాయాలు మాన్పగలరు. మంచి యోధురాలు మాజీ కూడా ఆ గుంపులోకి వస్తుంది, కానీ ఆమె ఈ జాబితాలో లేదు. నాయిక ఆడదైతే మొదట విడుదలైన ఆటలో ప్రేమకి దొరికేవాడు అనోమన్ ఒక్కడే. అతనూ వైద్యం తెలిసినవాడేనని ఎవరైనా గుర్తు చేయవచ్చు, నిజమే. కానీ అతని కథ నడిచేది వీరుడిగా పట్టం దక్కుతుందా లేదా అన్న దాని మీద. వైద్యం అతనికి ఒక అదనపు విద్య. ఏరీ కథలోనో? ఓదార్పు కావాల్సిందీ ఆమే, కట్టు కట్టాల్సిందీ ఆమే.

అన్నిటికన్నా నన్ను ఆపింది ఒక చిన్న పట్టిక. ప్రతి పాత్రకీ ఒక వివరాల పుట ఉంటుంది. గుంపు మొత్తం చంపినవాళ్లలో ఈమె వాటా ఎంత, ఓడించిన అతి పెద్ద శత్రువు ఎవరు, ఇష్టమైన ఆయుధం ఏది, అన్నీ ఉంటాయి. ఎంతమందిని బతికించిందో అందులో లేదు. పైగా ఆ నియమాల్లో ఏ మంత్రం కావాలో రాత్రే నేర్చి పెట్టుకోవాలి. గుంపు కోసం గాయాలు మాన్పే మంత్రాలతోనే జాగా నిండిపోతే, ఆమెకి తెలిసిన తక్కిన విద్యలకి చోటుండదు. ఇంటిచాకిరీ గురించి మనం పేజీలకొద్దీ రాసిన మాట ఒక తెరమీద లెక్కలో ఇంత స్పష్టంగా దొరుకుతుందని నేననుకోలేదు.

గుంపు కట్టడం మా శిరివెళ్ల ఆడవాళ్లకి కొత్త విద్యేమీ కాదు. కేసీ కెనాల్ నీళ్లొస్తే నాట్ల కాలం. గుత్తకు ఒప్పుకున్న కయ్యకి ఎంతమంది కావాలో, ఎవరు చెయ్యి తిరిగినవాళ్లో, ఎవరు నడుం నొప్పితో ఉన్నారో గుంపు పెద్దామె మనసులోనే లెక్క వేసుకుంటుంది. గుత్త డబ్బు తలా సమానం, కాబట్టి మనుషులు తగ్గితే ఒక్కొక్కరికి ఎక్కువ పడుతుంది. బాల్డర్స్ గేట్ లెక్కా అచ్చం ఇదే. అనుభవం పాయింట్లు గుంపులో పంచుకోవాలి, తక్కువ మందితో తిరిగితే ఒక్కొక్కరు త్వరగా ఎదుగుతారు. ఆటలో దీన్ని చూసి నెమ్మది మనుషుల్ని దింపేయడం తెలివి. ఇక్కడ మా వీధి పెద్దామె మాత్రం వయసు మళ్లిన ఒకామెని గట్టు వారగా నిలబెట్టి, తన వరసలో కొంత తనే అందుకుంటూ తీసుకుపోతుంది. ఇదంతా అక్కచెల్లెళ్ల ప్రేమ అని మురిసిపోనక్కర్లేదు. ఆ ముసలామె మాటలూ పడుతుంది. నెలలు నిండినామెని పిలవనే పిలవరు. కానీ అక్కడ దింపేయాలంటే ఆమె మొహం చూసి చెప్పాలి, మర్నాడు అదే వీధిలో తిరగాలి.

మాకు దగ్గర్లోని అహోబిలం కథలో చెంచులక్ష్మి వేటగత్తె. ఏటా సంక్రాంతి తర్వాత పారువేట పేరుతో పల్లెలు తిరిగేది మాత్రం స్వామి. ఎవరి విద్య ఎవరి పేరు మీదికి మారిందో ఈ ఆటలు ఆడుతున్నప్పుడల్లా గుర్తొస్తుంది.

2023లో లారియన్ సంస్థ మూడో భాగం తెచ్చింది. గుంపు నలుగురికి తగ్గింది. అతి బరువైన ఆయుధాలు పట్టే సహచరులు లేజెల్, కార్లాక్ ఇద్దరూ ఆడవాళ్లే. పాత జహీరా కూడా వయసు మీరి, జుట్టు నెరిసి, ఎవరి ప్రేమా అక్కర్లేకుండా తిరిగొచ్చింది. నాకు ఆ ఒక్కదానికే ఆ ఆట నచ్చింది. అయినా వైద్యం తెలిసిన షాడోహార్ట్ మళ్లీ ఆడదే. రచయితలు ఆమెకిచ్చింది మాయలూ మరుగులూ తెలిసిన విద్య, చీకటి దేవతని కొలిచే స్వభావం. విడిదిలో విదర్స్ అనే అస్థిపంజరానికి వంద నాణేలిస్తే ఎవరి విద్యనైనా మార్చేస్తాడు. చాలామంది ముందుగా మార్చేది ఆమెనే. మా అమ్మాయి కూడా వంద నాణేలిచ్చింది, కానీ గేల్ అనే పండితుడి చేత మంత్రాల పుస్తకం పక్కన పెట్టించి, గాయాలు మాన్పే పని అప్పగించింది. అతనికి ఆ పని సరిగా నప్పలేదు. మాన్పే శక్తి వివేకం మీద ఆధారపడుతుంది, అతనికి ఉన్నదంతా తెలివి. మళ్లీ పాయింట్లు పంచాల్సి వచ్చింది. ఆ పంపకం కూడా ఆ వంద నాణేల్లోనే వస్తుంది.

ఇంకో మార్పుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మూడో భాగంలో అనుభవం పంచుకోనక్కర్లేదు. యుద్ధానికి వెళ్లిన నలుగురికీ, విడిదిలో కూర్చున్నవాళ్లకీ సమానంగా వస్తుంది. మా పెద్దామెకి ఇది చెప్తే, విడిదిలో ఉన్నవాళ్లు అన్నం వండారా అని అడిగింది.