ముందు చక్రాల లెక్క

పాత అంబాసిడర్ కొని బాగుచేసుకునే వాళ్లందరికీ ముందు సస్పెన్షన్ దగ్గర ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఉన్నదాన్ని నిలబెట్టాలా, స్క్రాపులో దొరికే ఏ మారుతీదో తెచ్చి ఇందులో బిగించాలా? వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో 1959లో మొదలైన పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివే కుర్రాళ్లు నాతో రెండోదే చవకని వాదిస్తారు. డిస్క్ బ్రేకులు కూడా కలిసొస్తాయంటారు. మా ఇంట్లో ఉన్నది 1970ల తొలినాటి మార్క్ 2. దాని విషయంలో నేను ఒప్పుకోను.

బండి కింద దూరి చూస్తే కారణం కనిపిస్తుంది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఈ బండికి ముందు వైపు చుట్టల స్ప్రింగులు లేవు, టోర్షన్ బార్లు ఉన్నాయి. పొడవాటి ఉక్కు కడ్డీ ఒక కొన కింది ఆర్మ్‌కు, రెండో కొన వెనక నేల కింది అడ్డపట్టీకి బిగించి ఉంటుంది. చక్రం గుంతలో పడితే కడ్డీ మెలి తిరిగి సర్దుకుంటుంది, దెబ్బ బండి నడుముకు పోతుంది. మారుతీలో ఉండే స్ట్రట్, అంటే స్ప్రింగూ షాకబ్జార్బరూ కలిసిన నిలువు కాలు, బరువును పైకి, బానెట్ పక్క రేకు మీదికి నెడుతుంది. అంబాసిడర్‌లో ఆ రేకును అంత బరువు మోయడానికి చేయలేదు. ప్లేట్లు వెల్డింగ్ చేసి బలపరిచినా స్టీరింగ్ టైరాడ్ల పొడవు ఆర్మ్‌లతో పొసగకపోతే గుంత దాటిన ప్రతిసారీ చక్రం దానంతటదే పక్కకు లాగుతుంది. ఎర్రవల్లి చౌరస్తా దగ్గర, 44వ నంబరు హైవే మీద లారీల మధ్య అలా లాగితే?

గద్వాలలో ఒక మేస్త్రి జాకీతో మా బండి ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపాడు. టక్ టక్‌మంది. "బ్రేకు తొక్కు సారూ" అన్నాడు. తొక్కితే చప్పుడు ఆగితే బేరింగు పోయినట్టు, ఆగకపోతే చక్రం పక్కకు తిరిగే కీలు, అంటే కింగ్ పిన్, అరిగినట్టు. ఆగలేదు. "కడ్డీలు మంచిగనే ఉన్నయి, పిన్నులు, బుష్షులే పోయినయ్."

అందుకే నా డబ్బు ముందు కింగ్ పిన్నులకు, రబ్బరు బుష్షులకు, ఆ తర్వాత ఆయిల్ కారుతున్న షాకబ్జార్బర్లకు. కడ్డీలను విప్పితే ఎడమది ఎడమకే, కుడిది కుడికే వేయాలి. ఒకవైపు మెలికకు అలవాటుపడిన ఉక్కు అది. కింగ్ పిన్నులకు గ్రీజు పెట్టడంలో మాత్రం అశ్రద్ధ చేయకూడదు.

చట్టం సంగతీ ఉంది. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కానీ ఛాసీ, బాడీ, ఇంజిన్ మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. చవక మార్పిడి కోసం బాడీని కోసుకుంటే ఆ దారి మూసుకుపోతుంది.

మిగిలిన డబ్బుతో బ్రేకు సిలిండర్లలో కొత్త రబ్బర్లు వేయిస్తాను. నాగర్‌కర్నూల్ నుంచి అచ్చంపేట మీదుగా మన్ననూరు ఘాటు ఎక్కి శ్రీశైలం దాకా పోవాలని ఇంట్లో అందరి కోరిక. డ్రమ్ బ్రేకులు సరిగా పట్టనిదే బండిని ఆ ఘాటు ఎక్కించను.