రెండు పుటల పనితనం

2024 అక్టోబరులో ఒక ప్రధాన సంఖ్య దొరికింది. అంతవరకు తెలిసినవాటన్నిటికంటే అది పెద్దది. 13,62,79,841 రెళ్లను గుణించి, ఒకటి తీసేస్తే వచ్చేది అదే. రాస్తే నాలుగు కోట్ల పది లక్షలకు పైగా అంకెలు. ఇలాంటి ప్రధాన సంఖ్యలను మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు. వాటిని పట్టుకోవడానికి దేశదేశాల కంప్యూటర్లు కావాలి. వాటి గురించి 1969లో మన వాల్తేరు నుంచి వచ్చిన ఒక ఫలితానికి మాత్రం కాగితం, కలం చాలు.

వాల్తేరు ఉన్నది విశాఖలో. ఉత్తరాంధ్రకు తరతరాలుగా పెద్ద చదువంటే అక్కడి ఆంధ్ర విశ్వవిద్యాలయమే. అక్కడి గణితజ్ఞుడు డి. సూర్యనారాయణ ‘సూపర్ పర్ఫెక్ట్’ సంఖ్యలను నిర్వచించి, స్విట్జర్లాండ్ పత్రిక ‘ఎలెమెంటె డేర్ మతెమాటిక్’లో రెండు పుటల వ్యాసం రాశారు.

ఒక సంఖ్య కారణాంకాలన్నీ, తనతో సహా, కూడాలి. వచ్చిన మొత్తానికీ అలాగే చెయ్యాలి. చివరికి మొదటి సంఖ్యకు రెట్టింపు రావాలి. 16కి 1+2+4+8+16 = 31. 31 ప్రధాన సంఖ్య గనక 1+31 = 32. సరిపోయింది. 8కి మొదట 15, తర్వాత 24 వస్తాయి. కావలసింది 16. కుదరలేదు.

సరి సంఖ్యల్లో ఈ పరీక్షకు నిలిచేవి 2 ఘాతాలే, అదీ మొదటి మొత్తం ప్రధాన సంఖ్య అయినప్పుడే. ఇదీ ఫలితం. రుజువు చేసే దారి ముచ్చటగా పొట్టిది. సరి సంఖ్యను 2 ఘాతం, బేసి భాగం ‘బ’గా విడదీద్దాం. ఆ ఘాతానికి రెట్టింపు ‘ర’, బ కారణాంకాల మొత్తం ‘స’ అనుకుందాం. మొదటి మొత్తం (ర−1)×స. రెండోసారి రావలసింది ర×బ. మొదటి మొత్తానికి కారణాంకాలు ఎన్నున్నా రెండు మాత్రం ఖాయం: తానూ, స. ఆ రెండూ కూడితేనే ర×స అయింది. కాబట్టి బ, స కంటే తక్కువ కాకూడదు. కానీ బ 1 కాకపోతే, స ఎప్పుడూ బ కంటే పెద్దదే. అందుచేత బ 1 కావలసిందే. ఇక మిగిలింది ర−1. దాని కారణాంకాల మొత్తం ర. అంటే 1, తాను తప్ప మరో కారణాంకానికి చోటు లేదు. అది ప్రధాన సంఖ్య; ర 2 ఘాతం గనక, మెర్సెన్ ప్రధాన సంఖ్య.

లెక్కలేనన్ని కారణాంకాల్లో ఇద్దరు సాక్షులను పిలిచి తీర్పు తేల్చేయడం ఇందులోని నేర్పు. ఎవరిని పిలవాలో తెలియడమే విద్య. దీని ఫలం నేటికీ అందుతోంది: కొత్త మెర్సెన్ ప్రధాన సంఖ్య దొరికినప్పుడల్లా, వేరే శ్రమ లేకుండా, ఒక కొత్త సూపర్ పర్ఫెక్ట్ సంఖ్య కూడా చేతికొస్తుంది.

ఈ వాదన హద్దు కూడా స్పష్టంగానే కనబడుతుంది. బేసి సంఖ్యకు ర విలువ 2, ర−1 విలువ 1. అప్పుడు సాక్షులిద్దరూ ఒక్కరే అయిపోతారు. బేసి సూపర్ పర్ఫెక్ట్ సంఖ్య ఉంటే అది పూర్ణవర్గమే కావాలని గణితజ్ఞుడు కానోల్డ్ నిరూపించాడు. అసలు అలాంటిది ఉందా లేదా అన్నది నేటికీ తేలలేదు. తేల్చేవారికి కావలసింది ఇంకో సాక్షి.