ఎర్లాంగు విద్య – ఏకకాలమున బహుకార్య నిర్వహణము

విజయవాడలో బెంజి సర్కిలు దాటి పటమట మీదుగా బందరు రోడ్డున సాగినచో వచ్చు కానూరులో 1977లో సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల వెలసినది. ఈ ప్రాంతమున నేడు జావాయో పైథానో నేర్వని ఇంజనీరింగు విద్యార్థి అరుదు. ఉద్యోగమునకు ఆ రెండును అక్కఱకు వచ్చుననుటయు నిజమే. అయినను ఆ విద్యార్థుల చేతులలో పగలనక రాత్రియనక మ్రోగుచుండు వాట్సాప్ ఏ భాషపై నిలిచినదని యడిగినచో తడుముకొనకుండ చెప్పగలవారు కొద్దిమందియే. 2009లో పుట్టి, 2012 ఆరంభమునకే ఒక్క సర్వరుపై ఇరువది లక్షల కనెక్షన్లను మోసి, 2014లో ఫేస్‌బుక్కు కొనునాటికి 45 కోట్ల జనమునకు 32 మంది ఇంజనీర్లతో సేవచేయుచుండిన ఆ సంస్థ ఎంచుకొన్న భాష ఎర్లాంగు.

ఈ భాష టెలిఫోను ఎక్స్ఛేంజిలో పుట్టినది. వేలకొలది సంభాషణలు ఒక్కసారిగా నడవవలెను. ఒకరి లైనున కలిగిన దోషము వేఱొకరి మాటను తెగగొట్టరాదు. మరమ్మతు నెపమున యంత్రమును ఆపుటకు వీలులేదు. ఈ మూడు నిర్బంధములకు లోబడు భాష యేదియని 1980ల నడుమ స్టాక్‌హోములోని ఎరిక్సన్ ప్రయోగశాలయందు వెదకిన జో ఆర్మ్‌స్ట్రాంగ్, రాబర్ట్ విర్డింగ్, మైక్ విలియమ్స్ అను మువ్వురు, తుదకు తామే యొకదానిని నిర్మించిరి. దాని తొలిరూపము ప్రోలాగు భాషలో వ్రాయబడినందున ఆ వాసన నేటికిని పోలేదు: వాక్యము చివర చుక్క పెట్టక ఎంటరు నొక్కినచో ఎర్లాంగు షెల్లు మాటాడక తక్కిన వాక్యమునకై యెదురుచూచుచుండును. పదిలక్షలకు మించిన పంక్తుల ఎర్లాంగుతో తయారైన ఏఎక్స్‌డీ 301 స్విచ్చి వెలువడిన 1998లోనే, కొత్త ఉత్పత్తులలో ఈ భాష వాడరాదని ఎరిక్సన్ రేడియో విభాగము నిషేధించినది. ఆ సంవత్సరము డిసెంబరులో అది లోకమునకు ఉచితముగ విడుదలైనది.

దీని మొదటి నియమము, ఒకసారి పేరు పెట్టిన విలువను మరల మార్చరాదనుట. షెల్లులో ఎక్స్ అనగా 5 అని చెప్పి, మఱుపంక్తిలో ఎక్స్ అనగా 6 అన్నచో, పొసగలేదని యది తిరస్కరించును. లెక్క పెంచవలసి వచ్చినప్పుడు పాత సంఖ్యను దిద్దరు. పెరిగిన సంఖ్యతో ఫంక్షను తన్ను తానే మరల పిలుచుకొనును. లూపులకు అలవాటుపడినవారికి ఇది తొలుత చేతులు కట్టివేసినట్లే తోచును గాని, మారని వస్తువును ఎందఱు చూచినను తగవు పుట్టదను సూక్ష్మము తెలిసినపిదప ఆ కట్టుబాటు విలువ బోధపడును.

రెండవది, ప్రతి కార్యమును ఒక స్వతంత్ర ప్రాసెసుగా విడదీయుట. సంక్రాంతి రద్దీలో హైదరాబాదు నుండి విజయవాడ వచ్చు బస్సున మిగిలిన ఒకేయొక సీటును ఇద్దఱు ఒకే క్షణమున ఫోనులలో నొక్కిరనుకొందము. సీట్ల పట్టికను ఉమ్మడి మెమొరీలో ఉంచిన ప్రోగ్రామున, జాగ్రత్తగా తాళములు వేయనిచో, ఇద్దఱికిని టికెట్టు దక్కి బస్సెక్కునపుడు వాగ్వాదము తప్పదు. ఎర్లాంగులో బస్సుకొక ప్రాసెసును నియమింతురు. సీట్ల పట్టిక దాని సొంతము, అన్యులకు అందదు. కోరువారు సందేశము పంపవలెను. సందేశములు దాని పెట్టెలో వరుసగా చేరును. అది ఒకదాని తరువాత నొకటి తీసి మొదటివానికి సీటిచ్చి, రెండవవానికి లేదని జవాబిచ్చును. పుట్టుకవేళ రెండు మూడు కిలోబైట్లకు మించని ఇట్టి ప్రాసెసులు ఒక్క యంత్రముపై లక్షలకొలది మనగలవు.

ఇన్నింటిని నడపు విధానము తెలుగువారికి కొత్త గాదు. తిరుపతి వేంకట కవులు ఊరూర ప్రదర్శించిన అష్టావధానమున, అవధాని ఒక పృచ్ఛకుని పద్యమును పూర్తిచేసి గాని రెండవవాని వైపు తిరుగననడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదము చెప్పుచు ఆవృత్తులుగ సాగును. ఎర్లాంగు యంత్రమును అట్లే ఒక్కొక్క ప్రాసెసునకు కొన్నివేల అడుగుల పని యను పరిమితి విధించి, అది తీఱగనే తరువాతిదానిని అందుకొనును. కావున ఎంతటి బరువైన కార్యమైనను తక్కినవానిని నిలువరింపజాలదు.

అన్నిటికంటె గొప్పది, వైఫల్యమును గూర్చిన దృష్టి. ఊహింపరాని దోషము తగిలిన ప్రాసెసును బ్రతికించుటకు ప్రయాసపడక, దానిని పోనిమ్మని ఈ సంప్రదాయము బోధించును. పైనున్న సూపర్‌వైజరు అను కాపలా ప్రాసెసు ఆ మరణవార్త విని, శుద్ధస్థితిలో వేఱొక ప్రాసెసును ప్రారంభించును. పోయినదానితో దాని జ్ఞాపకమును పోవును గనుక, అమ్ముడైన సీట్ల వంటి నష్టపోరాని లెక్కను వేఱుగ భద్రపఱచవలెను. నడచుచున్న వ్యవస్థను ఆపకయే పాత మాడ్యూలు ప్రక్కన కొత్తదానిని ఎక్కించు సౌకర్యము కూడ కలదు. దోషములున్న ప్రోగ్రాములతోనే నమ్మదగిన వ్యవస్థలను నిర్మించుటయే 2003లో ఆర్మ్‌స్ట్రాంగ్ సమర్పించిన పీహెచ్‌డీ సిద్ధాంతవ్యాసమునకు విషయము.

ఇది సర్వరోగనివారిణి కాదు. భారీ గణితమునకు, బొమ్మల సంస్కరణమునకు దీని వేగము చాలదు. మన నగరములలో దీనిపై ఆధారపడిన ఉద్యోగములును స్వల్పమే. వ్యాకరణము మింగుడుపడనివారికి, బ్రెజిలు దేశీయుడు జోసె వాలిమ్ అదే ఎర్లాంగు యంత్రముపై నిర్మించిన ఎలిక్సిరు భాష కొంత సులువు. అయినను పనిని విభజించుట, ఉమ్మడి సొత్తును మానుట, పతనమును ముందే లెక్కించుట అను మూడును అలవడినవాడు జావా వ్రాసినను మెఱుగుగనే వ్రాయును. కావున మన కళాశాలల అధ్యాపకులు మూడవ సంవత్సరమున ఒక్క సెమిస్టరైనను దీనికి కేటాయింతురు గాక. అంతవఱకు వేచియుండ నక్కఱలేని విద్యార్థికి కంప్యూటరు, ఇంటర్నెట్టు, కొంత ఓర్పు చాలును, భాష ఉచితమే.