‘తోడ’, ‘వలన’ : ఆహారపరిశోధన వార్తలపై ఒక విమర్శ

మిరపకాయ ఆయుర్వృద్ధికరమని వార్తాపత్రికలు పలుమారు ప్రకటించినవి. మిరపకు పేరెన్నికగన్న గుంటూరుసీమలో, పెదకాకాని వంటి గ్రామములందు, ఇట్టి వార్త ప్రీతికరమగుట సహజము. కాని ప్రీతి ప్రమాణము కానేరదు. ఈ వార్తలకు మూలమైన పరిశోధనలను, వానిని తెలుపు తెలుగు వాక్యరీతిని పరిశీలించుట మా ఉద్దేశము.

2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించిన చైనా పరిశోధనయందు 4,87,375 మంది పరిశీలింపబడిరి. వారమునకు ఆరేడు దినములు కారము తినువారిలో, వారమునకొకమారైనను తిననివారికంటె మరణసంభావ్యత 14 శాతము తక్కువగా కనబడినది. 2019లో వెలువడిన ఇటలీ పరిశోధనయందు 22,811 మందిని సుమారు 8 సంవత్సరములు గమనింపగా, వారమునకు నాలుగుమారులకంటె హెచ్చుగా మిరప తినువారిలో, తిననివారికంటె ఆ సంభావ్యత 23 శాతము తక్కువ. ఈ రెండును గమనించి లెక్కించినవే కాని తినిపించి పరీక్షించినవి కావు. మిరపతోడ దీర్ఘాయువు కనబడినదనియే వాని తాత్పర్యము.

వార్తాలేఖకుడు ఈ ‘తోడ’ను ‘వలన’గా మార్చును. చిన్నయసూరి మొదటిదానిని తృతీయయందును, రెండవదానిని పంచమియందును చేర్చెను. మొదటిది సహార్థమును, రెండవది హేతువును తెలుపును. ‘మిరప తింటే ఆయుష్షు పెరుగుతుంది’ అను తీరు శీర్షికలలో ‘వలన’ లేకున్నను, చేదర్థకమే హేతుత్వమును స్ఫురింపజేయును. విభక్తి మారగా సిద్ధాంతమే మారినది.

కారణమగుటకు కార్యమునకు ముందు నియతముగా నుండుట చాలదు. అన్యథాసిద్ధము కాకుండవలెనని మన తార్కికుల మతము. మన్ను మోసినంతమాత్రమున కుమ్మరి గాడిద కుండకు కారణము కాదు. అట్లే ఉదరవ్యాధి గలవాడు కారము మానును. అతడు త్వరగా మరణించినచో దోషము వ్యాధిదే కాని మిరప లేమిది కాదు. చైనా పరిశోధకులు క్యాన్సరు, హృద్రోగము, పక్షవాతము కలవారిని ముందే తొలగించిరి. పొగత్రాగుట మున్నగువానిని లెక్కలో సవరించిరి. ఐనను కొలువబడని అంశములు మిగులును.

సాహచర్యము నిరర్థకమని మేము చెప్పుటలేదు. పొగత్రాగుటకును ఊపిరితిత్తుల క్యాన్సరునకును గల సంబంధమును 1950లో డాల్, హిల్ అను పరిశోధకులు గమనముచేతనే చూపిరి. కాని హేతుత్వము స్థిరపడినది పలువిధములైన సాక్ష్యములు కూడిన పిమ్మటనే.

శీర్షికను నమ్మి కడుపుపుండు గల రైతు వైద్యుడు చెప్పిన పథ్యమును విడిచినచో, కలుగు నష్టము భాషాదోషముతో ఆగదు. ‘సంబంధము కనబడినది’ అని వ్రాయుటకు తెలుగున మాటల కొరత లేదు. కావున అనువాదము బోధించు అధ్యాపకులు, విభక్తి నిర్ణయమును వ్యాకరణ విషయముగానే కాక ప్రమాణ విషయముగా కూడ విద్యార్థులకు నేర్పవలెనని మా అభిప్రాయము.